తట్ట మనది, తాపీ వాళ్ళది

మీ ఇంట్లో స్క్రూడ్రైవర్ ఎక్కడుందో ఠక్కున చెప్పండి చూద్దాం. ఫ్రిజ్ మీదా? కుట్టుమిషను సొరుగులోనా? మందుల డబ్బాలో, గడువు తీరిన దగ్గుమందు సీసా పక్కనా? ఎక్కడున్నా సరే, దాని ఆచూకీ తెలిసిన మనిషి ఇంటికి ఒక్కరే ఉంటారు. "ఏమే, ఆ స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టావ్?" అని హాల్లోంచి ఆయన కేకేస్తాడు. "ఎడంవైపు రెండో సొరుగు, రబ్బరు బ్యాండ్ల కింద" అని పోపు గరిటె వదలకుండానే ఆవిడ జవాబిస్తుంది. దాచే బాధ్యత ఆవిడది, తిప్పే హక్కు ఆయనది. తిప్పాక సోఫా కిందికి దొర్లిపోతే చీపురుతో బయటికి లాగి మళ్ళీ రబ్బరు బ్యాండ్ల కింద పెట్టేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

టీ కప్పు పట్టుకుని కాస్త ఇలా కూర్చోండి. "ఈ కాలం ఆడపిల్లలు ఇంట్లో రిపేర్లు వాళ్ళే చేసేసుకుంటున్నారట, చేతులకు మురికంటినా లెక్క చెయ్యట్లేదట" అని ఎవరైనా మెచ్చుకోలుగా అంటుంటే నాకు నవ్వాగదు. మురికి మనకేమైనా కొత్తచుట్టమా? సింకు జాలీలో నానిపోయిన మెతుకులు తీసేదెవరు? బాత్రూం కన్నంలోంచి జుట్టు ఉండ లాగేదెవరు? పసిపిల్లల గుడ్డలు, మంచాన పడ్డ మామగారి పక్కబట్టలు, పొంగిన పాలు మాడి అట్టకట్టిన స్టవ్వు, చచ్చిన బొద్దింక, ఇవన్నీ ఎవరి శాఖ? ఎవరూ జీవో ఇవ్వలేదు గానీ శాఖలు మాత్రం పక్కాగా ఉన్నాయి. అదే సింకు కింద తెల్లగా వేలాడే బాటిల్ ట్రాప్ ఉంటుంది చూడండి, దాన్ని అడుగున చేత్తో పట్టుకుని తిప్పి విప్పడం మాత్రం "ప్లంబర్ పని". జాలీకి పైనున్న మురికి మనది, కిందనున్న మురికి ప్లంబరుది. మధ్య దూరం జానెడు. మురికిలో తేడా లేదు, కూలిలో ఉంది.

ఆ ప్లంబరు సంగతి చెప్పుకోకపోతే కబుర్లు చప్పగా ఉంటాయి. పొద్దున ఫోన్ చేస్తే "దారిలోనే ఉన్నానమ్మా" అంటాడు. ఆ దారి ఏ కాశీ మీదుగా వస్తుందో, సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. వచ్చాక గుమ్మంలో నిలబడి అడిగే మొదటి ప్రశ్న: "సార్ లేరా అమ్మా?" కారేది ఎక్కడో, ఎప్పట్నుంచో, ఏ వాల్వు కడితే ఆగుతుందో పూస గుచ్చినట్టు చెప్పడానికి నేను ఎదురుగా ఉన్నాను. అయినా సార్ కావాలి. సార్‌కు ఆ వాల్వు ఉందన్న సంగతే తెలియదు. అయినా ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని గోడవైపు గంభీరంగా చూస్తారు. నేను టీ పెడతాను.

సరే, కుళాయి దగ్గరికే వెళ్దాం రండి. కుళాయి అనండి, నల్లా అనండి, కారడం మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒకేలా కారుతుంది. ముందు దానికి నీళ్ళొచ్చే గేట్‌వాల్వు కట్టేయాలి. బాత్రూం గోడకే ఉంటుంది, లేదంటే మిద్దె మీద ట్యాంకు దగ్గర ఉంటుంది. ఏ వాల్వు ఏ గదిదో తెలియక సగంమంది ఇక్కడే చతికిలబడతారు. ఒక ఆదివారం మిద్దెక్కి, ఒక్కొక్కటే కట్టి చూస్తూ, కింద పిల్లల చేత కుళాయిలు తిప్పించి, పైపు మీద పెయింటుతో "వంటిల్లు", "పెరడు" అని రాసేస్తే ఆ పీడ వదిలిపోతుంది. వాల్వు కట్టాక పైపులో మిగిలిన నీళ్ళు వదిలేయండి. కింద జాలీ మీద పాత గుడ్డ ఒకటి పరవండి. చిన్న స్క్రూ ఒకటి అందులోకి జారిందంటే కథ మళ్ళీ మొదటికే.

పాతరకం తిప్పుడు కుళాయి అయితే పిడి ఊడదీసి, కిందనున్న ఆరుపలకల నట్టుకు పానా తగిలించి ఎడమకు తిప్పాలి. కిటుకంతా ఇక్కడే ఉంది. ఒక చేత్తో పానా తిప్పుతూ, రెండో చేత్తో కుళాయి మొండాన్ని ఇంకో పానాతో కదలకుండా బిగించి పట్టుకోవాలి. లేకపోతే నట్టుతోపాటు కుళాయి, కుళాయితోపాటు గోడలోపలి ఎల్బో కూడా తిరుగుతాయి. అప్పుడిక కారేది కుళాయి కాదు, గోడ. నట్టు వదులై లోపలి ముక్క చేతికొచ్చాక దాని అడుగున నల్లటి రబ్బరు బిళ్ళ కనిపిస్తుంది. మీద గుండ్రంగా ఓ గాడి. కారకుండా ఉండాలని మనం రోజూ బలంకొద్దీ బిగిస్తుంటే, లోపలి ఇత్తడి అంచు దాన్ని అలా నొక్కి నొక్కి కోసేసిందన్నమాట. బకెట్లకు బకెట్లు నీళ్ళు కాలవ పాలైంది ఆ గాడి పుణ్యానే. హార్డ్‌వేర్ కొట్లో ఆ బిళ్ళకు మహా అయితే టీ డబ్బులు. పాతది పీకి, కొత్తది తొడిగి, కుడికి తిప్పి బిగించడమే. ఇప్పుడొచ్చే పావుతిప్పు కుళాయిల్లో రబ్బరు బదులు రెండు పింగాణీ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి. అవి పాడైతే బాగుచేయడం ఉండదు, ఆ లోపలి ముక్క మొత్తం మార్చుకోవాలి. కొట్టుకు వెళ్ళేటప్పుడు పాతది సంచీలో వేసుకెళ్ళండి, నోటితో కొలతలు చెప్పి తెచ్చుకున్నది ఏదీ సరిపోదు.

కుళాయే మార్చాల్సొస్తే మరల మీద తెల్ల టేపు చుడతారు కదా. మర కొస మనవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. ఎదురు చుట్టారో, బిగించేటప్పుడు పోగులు పోగులుగా ఊడొచ్చేస్తుంది. చీర కుచ్చిళ్ళు ఎటు తిప్పి దోపాలో తెలిసినవాళ్ళకు ఇదో బ్రహ్మవిద్య కాదు.

అసలు మనవాళ్ళకు వాషరుతో పరిచయం ఈనాటిది కాదు. మా అమ్మమ్మ ఇంట్లో గ్యాసు వచ్చేదాకా పంపు స్టవ్వే. ఇత్తడి బొజ్జ, మూడు కాళ్ళు, వెలిగిస్తే వీధి చివరిదాకా బుస్సుమనే చప్పుడు. పంపు ఎంత కొట్టినా గాలి ఎక్కడం లేదంటే లోపలి తోలు వాషరు ఎండిపోయిందని లెక్క. ఆవిడ పంపు కడ్డీ బయటికి లాగి, కొసనున్న తోలుబిళ్ళను కొబ్బరినూనెలో నాననిచ్చి, చిటికెన వేలితో అంచులు విప్పార్చి, మడత పడకుండా మెల్లిగా తిప్పుతూ మళ్ళీ గొట్టంలోకి దూర్చేది. మంట ఎర్రబడి ఒక పక్కకే లేస్తోందంటే బర్నరు కన్నంలో మసి అడ్డుపడ్డట్టు. దానికో సన్నటి పిన్ను. సూటిగా గుచ్చాలి, వంకరగా పొడిస్తే కన్నం వెడల్పై స్టవ్వు భగ్గుమంటుంది. కిరోసిన్ కంపు, నల్లటి వేళ్ళు, కొంగుకు మసి. ఇంత పనీ అయ్యాక చేతులు కడుక్కుని కాఫీ పెట్టేది. ఆవిణ్ణి ఎవరూ మెకానిక్కు అనలేదు. వంటింట్లో జరిగింది కాబట్టి అది వంటలో కలిసిపోయింది. అదే పంపు స్టవ్వు సంచీలో వేసుకుని బజారుకెళ్తే, అక్కడ బల్ల వేసుకుని కూర్చున్నాయన మాత్రం "స్టవ్వు రిపేరర్". ఆయనకు బోర్డు కూడా ఉండేది.

కుట్టుమిషను సంగతీ అంతే. నూనె వెయ్యడం, తెగిన బెల్టు అతకడం, దారం కింద ఉండలు కడుతుంటే బాబిన్ కేసు మీది బుల్లి స్క్రూను వెంట్రుకవాసి తిప్పి సరిచెయ్యడం ఎన్ని ఇళ్ళలో చూడలేదు మనం! ఆ చేతులకే ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పడం రాదని ఎలా తీర్మానించారో నాకిప్పటికీ బోధపడదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఇల్లు ఇల్లంతా ఆడవాళ్ళ చేతి మరమ్మతే. మట్టి గోడ బీట వేస్తే ఎర్రమట్టిలో ఊక కలిపి తొక్కి, మెత్తి, అరిచేత్తో నున్నగా తీర్చేది ఆడవాళ్ళు. సంక్రాంతి వస్తోందంటే అరుగులు అలకడం, గోడలకు సున్నం కొట్టడం, అందులో తెలుపు తేలడానికి కాస్త నీలిమందు కలపడం. పొయ్యి వెయ్యడమైతే చేయి తిరిగినవాళ్ళకే వచ్చే విద్య. గాలి సరిగా ఆడాలి, గిన్నె ఊగకూడదు, పొగ మనవైపు తిరగకూడదు. ఊళ్ళో "ఫలానావిడ వేస్తే పొయ్యి బాగా మండుతుంది" అని పిలిపించుకునేవాళ్ళు కూడా. మట్టి ఉన్నన్నాళ్ళూ అది మన పనే. ఇంట్లోకి సిమెంటు, ఇనప పైపు, కరెంటు తీగ వచ్చేసరికి మగవాళ్ళ పనైపోయింది. ఇది ఒళ్ళు బలాన్ని బట్టి జరిగిన పంపకం కాదని నా గట్టి అనుమానం. పనికి రేటు కట్టిన రోజే దాని మీద మగవాడి పేరు పడింది.

నమ్మకం లేకపోతే ఏదైనా కట్టుబడి జరిగే చోట రోడ్డు మీద ఆగి చూడండి. ఇసుక జల్లించేది ఆడకూలీ. మాలు కలిపేది, తట్టకెత్తి నెత్తిన పెట్టుకుని మెట్లులేని అంతస్తుకు పలక మీదుగా ఎక్కేది ఆవిడే. పైన నీడలో కూర్చుని ఆ మాలును తాపీతో గోడకు పూసేది మేస్త్రి. రోజంతా బరువు మోసిన మనిషికి తక్కువ కూలి, బరువు మోయని మనిషికి ఎక్కువ కూలి. అదేమంటే పనితనం అంటారు. సరే, పనితనానికి విలువ ఉండాల్సిందే, కాదనను. ఇరవై ఏళ్ళు మేస్త్రి పక్కనే నిలబడి మాలు అందించిన ఆవిడకు ఆ తాపీ ఒక్కసారి చేతికిచ్చి చూశారా అన్నదే నా ప్రశ్న. తమ్ముడు పదిహేనేళ్ళకు చేరి రెండేళ్ళలో మేస్త్రి అవుతాడు, అక్క తట్టతోనే ముసలిదవుతుంది.

"బలం కావాలమ్మా, ఆడవాళ్ళ వల్ల కాదు" అనే వాదన ఒకటి ఉంది చూశారా, దానికి చేతిపంపు మంచి జవాబు చెప్పింది. మన ఊళ్ళలో ఎక్కడ చూసినా కనిపించే బోరింగు పంపు, 1970లలో యూనిసెఫ్ సాయంతో తయారైన ఇండియా మార్క్-2. మొదట్లో లోపల నీళ్ళను పైకి లాగింది, మా అమ్మమ్మ స్టవ్వులో ఉన్నలాంటి తోలు వాషరే, కాకపోతే సైజు పెద్దది. అది అరిగితే మార్చడానికి బోరులో దింపిన ఇనప పైపులన్నీ ఒక్కొక్కటే పైకి లాగాలి. దానికి జట్టు కావాలి, సరంజామా కావాలి. పంపు పాడైతే బ్లాకు ఆఫీసు నుంచి వాళ్ళొచ్చేదాకా ఊరు ఊరంతా ఎదురుచూపులే. ఈలోగా బిందెలెత్తుకుని మైళ్ళు నడిచేది ఎవరు? పంపు పాడైన బాధ ఎవరి నడుముదో, బాగుచేసే అవకాశం వాళ్ళకు లేదు. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల మొదట్లో మహిళా సమాఖ్య అనే ప్రభుత్వ కార్యక్రమం ఆ ఊళ్ళ ఆడవాళ్ళకే పంపు విప్పడం నేర్పింది. చాలామందికి చదువు రాదు. పానాలు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పంపులు బాగుచేశారు. ఇక మార్క్-2 తర్వాత వచ్చిన మార్క్-3 పంపులో లోపలి పైపును లావు చేశారు. దాంతో పైపులు కదపకుండానే కడ్డీతో సహా పిస్టన్‌ను పైకి లాగి వాషరు మార్చుకోవచ్చు. అంతవరకు బలం కావాల్సిన పని కాస్తా నేర్పు పని అయిపోయింది. ఆడవాళ్ళ కండలేం పెరగలేదు, పైపు మారిందంతే.

కరెంటు దగ్గరికి వచ్చేసరికి భయం మాట వేరు. "నువ్వు ముట్టుకోకు, షాక్ కొడుతుంది" అని చిన్నప్పట్నుంచీ వింటాం. షాక్‌కు ఆడామగా తేడా తెలియదు కదా అని అడిగితే పెద్దవాళ్ళకు కోపం. విచిత్రమేమిటంటే మన దేశంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన మొదటి మహిళ తెలుగింటి ఆడపడుచే. అయ్యలసోమయాజుల లలిత. 18 ఏళ్ళకే భర్త పోయారు, చంకలో నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లను మూల గదిలో కూర్చోబెట్టేవారు. తండ్రి గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఆచార్యుడు, ఆయన అండతో అక్కడే చేరి 1940లలో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత కలకత్తాలో పెద్ద కంపెనీలో కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు చేశారు. భాక్రా నంగల్ విద్యుత్ పనుల్లో ఆవిడ చెయ్యి ఉంది. ఇది జరిగి ఇన్ని దశాబ్దాలైనా మనం ఇంకా బల్బు మార్చడానికి తమ్ముణ్ణి పిలుస్తున్నాం.

నిన్నగాక మొన్న తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ఆడవాళ్ళు పనికిరారని 2019 నోటిఫికేషన్‌లో పక్కన పెడితే, వాళ్ళు హైకోర్టుకెళ్ళి పరీక్ష రాసే వీలు తెచ్చుకున్నారు. ఆ తర్వాత 8 మీటర్ల స్తంభం చకచకా ఎక్కి చూపించి ఉద్యోగాల్లో చేరారు. స్తంభం ఎక్కడం కంటే కోర్టు మెట్లెక్కడానికే ఎక్కువ కాలం పట్టింది.

మనం స్తంభాలెక్కక్కర్లేదు. ఫ్యాను నీరసంగా తిరుగుతూ, కర్రతో ఓ తోపు తోస్తే గానీ మొదలవ్వడం లేదంటే తొంభై పాళ్ళు కండెన్సర్ పోయిందని అర్థం. పైనున్న గిన్నె మూత జరిపితే మందుబిళ్ళల డబ్బా అంత ముక్క కనిపిస్తుంది. దాని మీద 2.5 అనో 3.15 అనో మైక్రోఫారడ్ అంకె రాసి ఉంటుంది. అదే అంకెది తెచ్చుకోవాలి. రెండు వైర్లు విప్పి రెండు వైర్లు కలపడం. కాకపోతే గోడ మీది స్విచ్ ఒక్కటే ఆపేసి నిచ్చెనెక్కకండి. వైరింగు చేసిన మహానుభావుడు స్విచ్‌ను న్యూట్రల్ మీద పెట్టి ఉంటే, స్విచ్ ఆపినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. మెయిన్ ఆపాలి, టెస్టర్ పెట్టి చూడాలి, అప్పుడు ముట్టుకోవాలి. ఆ టెస్టర్ కూడా ముందు పనిచేస్తోందో లేదో కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసుకోండి. కరెంటు లీకైతే ఠక్కున లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోతే, మీ డ్రాయింగు రూం కర్టెన్లు వచ్చే ఏడాది కొనుక్కుని ముందు అది పెట్టించండి. మీటరు జోలికి, గ్యాసు పైపుల జోలికి మాత్రం వెళ్ళొద్దు. అవి తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పనులు, ఆ తెలిసినవాళ్ళు ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా నాకు పేచీ లేదు.

సెప్టిక్ ట్యాంకులోకైతే అసలు ఏ మనిషీ దిగకూడదు. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ రెండు పీల్పులకే మనిషిని పడగొడుతుంది. మురికి పని అని కబుర్లు మొదలుపెట్టి ఈ ముక్క దాటేస్తే తప్పు. మన దగ్గర మురికికి ఆడామగా తేడాతోపాటు కులం కూడా ఉంది. చేత్తో మలం ఎత్తే పనిని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా చట్టం నిషేధించింది. పొడి మరుగుదొడ్ల నుంచి ఆ బుట్టలు మోసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. బెజవాడ విల్సన్ జీవితమంతా కొట్లాడింది దీని మీదే, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది కూడా ఇందుకే. నా బాత్రూం నేనే కడుక్కుంటానని నేను గొప్పగా చెప్పుకోవచ్చు. ఊరందరి దొడ్లూ కడగాల్సొచ్చిన ఆవిడ ఆ మాట వింటే ఏమనుకుంటుంది? ఆవిడకు కావాల్సింది బుట్ట దింపడం. మనలాంటివాళ్ళకు చేతికి పానా అందితే చాలు. రెండూ ఒకటే పోరాటమని ఉపన్యాసమివ్వడానికి నాకు నోరు రాదు.

అమెరికా వెళ్ళిన మన పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఇక్కడ మంచినీళ్ళ గ్లాసు కూడా ముంచుకోని పిల్ల అక్కడ గోడకు కన్నం పడితే తనే పూడ్చి రంగేస్తుంది, మొగుడు పక్కన నిలబడి మరలు అందిస్తాడు. స్త్రీవాదం వంటబట్టి కాదు లెండి, ప్లంబరు గంటకు ఎంత అడుగుతాడో ఒకసారి విన్నాక ఎవరికైనా పనులు వాటంతటవే వచ్చేస్తాయి.

వచ్చే మాఘంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి. సారె జాబితా రాస్తుంటే, లడ్డూలు, చలిమిడి, ఇత్తడి బిందె తర్వాత నేనో వరస చేర్చాను: రెండు పానాలు, టెస్టర్, కటింగ్ ప్లేయర్, టెఫ్లాన్ టేపు. మా వదిన ముక్కున వేలేసుకుంది.

"సారెలో ఇనుమేమిటి వదినా, శుభమా అని?"

"మరి మిక్సీ, గ్రైండరు, కత్తిపీట రాశావు కదా. అవి వెండివా?"

"అవి వంటింటివి."

"వంటింటి కుళాయి కారదా ఏమిటి?"

వదిన పెన్ను అక్కడే ఆపి, కొట్టెయ్యాలా ఉంచాలా అని చూస్తోంది. పెళ్ళికూతురు ఫోన్లోంచి తలెత్తి, "డ్రిల్లు కూడా రాయించు అత్తా" అంది. "చార్జింగ్ పెట్టుకునేది. వైరుది వద్దు, వాళ్ళింట్లో ప్లగ్గులన్నీ మంచం వెనకాలే ఉన్నాయి, చూసొచ్చాను."